అభ్రకం ప్లగ్గు

ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది.

"చచ్చింది!" అన్నాడు కొర్మియే. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పింగాణీ ప్లగ్గులు చేసే పేరున్న కంపెనీకి అతను ఏజెంటు. "చక్కగా తిరుగుతూ తిరుగుతూ, కోడి మెడ విరిచినట్టు!"

ఎవారిస్త్ ఇంజన్ మీదికి వంగి చూశాడు. బెంచీ మీది ఇంజన్‌లో ఉన్నది అతను చేసిన అభ్రకం ప్లగ్గు. కార్ల ఫ్యాక్టరీ దాన్ని తీసుకుంటే అతని చిన్న కార్ఖానా నిలుస్తుంది. లేదంటే సోమవారం నుంచి మళ్లీ గాజు బట్టీలో బొగ్గు ఎగదోయాలి.

"అభ్రకం పొరలు కోసింది మీ ఆవిడేనటగా? వంటింటి కత్తెరతోనా?" కొర్మియే అడిగాడు.

భోజనం బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ లియోనీ ఊరుకోలేదు. "అవును. మీ మీసాలకంటే తిన్నగానే కోశాను."

ఫ్యాక్టరీ తరఫున పరీక్షలు చేసే ఒక్తావ్ నవ్వలేదు. ప్లగ్గు విప్పాడు, గుడ్డతో తుడిచాడు, పక్కన పెట్టాడు.

"ఇంకొక్కసారి తిప్పి చూడు బావా," అన్నాడు ఎవారిస్త్.

"ఒక్కో ప్లగ్గుకి ఒకటే పరుగు. నీకూ అంతే, ఆయనకూ అంతే."

"అన్నయ్యా!" అంది లియోనీ.

"ఈ కొట్టంలో అన్నయ్య లేడు. ఆదివారం ఇంటికొస్తాను, అప్పుడు పిలువు."

పింగాణీ ప్లగ్గు బిగించి ఒక్తావ్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ అందుకుంది. పెట్రోలు పూర్తిగా వదిలాడు. కొట్టం రేకులు అదిరాయి. కొంతసేపటికి అతను బెంచీకి ఆనుకుని, రొట్టెలో సాసేజి ముక్క పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. అతనికి ఎవరి మీదా జాలి ఉన్నట్టు లేదు.

కొర్మియే గొంతు పెంచాడు. "విన్నారా? ఒక్క దెబ్బ తప్పడం లేదు. చవక ప్లగ్గయితే ఈపాటికి కొస ఎర్రగా కాలిపోయేది. ఇక రవ్వతో పని లేదు, కాలిన కొసే పెట్రోలుని అంటిస్తుంది. వేళా పాళా ఉండదు. కారు కొండ ఎక్కేలోగా పిస్టన్‌కి చిల్లు! మా పింగాణీకి ఆ రోగం లేదు."

"నిజమే, ఆ రోగం చెడ్డది," అన్నాడు ఒక్తావ్, నములుతూ.

ఎవారిస్త్ పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు. లియోనీ అతని కోటు కాలర్ సరిచేసింది.

"గాజు బట్టీ అయితే ఏం? చలికాలమంతా వెచ్చగా ఉంటావు. నాకు దుప్పటి ఖర్చు తప్పుతుంది."

"వేసవిలో?"

"వేసవిలో నువ్వు అరుగు మీద పడుకో."

అంత దిగులులోనూ ఎవారిస్త్‌కి నవ్వొచ్చింది. బుట్టలోని జున్ను ముక్క విరిచి సగం ఆమెకిచ్చాడు. ఇద్దరూ గోడ వారన కూర్చుని తిన్నారు. ఇంజన్ మోగుతూనే ఉంది.

కొర్మియే టోపీ పెట్టుకున్నాడు. "ఇక ఆపండి ఒక్తావ్ గారూ. ఎవరు గెలిచారో తెలిసిపోయిందిగా. అనవసరంగా పెట్రోలు దండగ."

ఒక్తావ్ చివరి ముక్క మింగి, చేతులు దులుపుకున్నాడు.

"నేను రొట్టె కోసుకునే ముందే ప్లగ్గుకి రవ్వనిచ్చే స్విచ్ ఆపేశాను కొర్మియే గారూ. మా బావ ప్లగ్గునీ ఇలాగే, చెప్పకుండా ఆపాను. అది ఆగింది."