కిటికీ పక్క

కెయిర్న్స్‌లో ఇళ్లలాంటి బళ్లు నిలుపుకునే కారవాన్ పార్కు అది. పక్క బండిలో ఉండే డారిల్ వచ్చి నోలీన్ పాత మోటార్‌హోమ్ కిటికీలన్నీ మూసి, మిషన్‌తో లోపల గాలి నింపాడు. నిచ్చెనెక్కి కప్పు మీద సబ్బునీళ్లు పోశాడు. గాలి బయటికొచ్చే చోట బుడగలు లేస్తాయి. వాననీళ్లు లోపలికి దిగేదీ అక్కడే.

"దొరికింది నోలీన్! సరిగ్గా కిటికీ వైపు పడకకి పైనే. పాత చిల్లే. చుట్టూ ఎన్నిసార్లు బంక పూశాడో మీ ఆయన! అసలు చోటే దొరకలేదు పాపం."

"కారుతోందని నాతో ఎప్పుడూ అనలేదే," అంది నోలీన్. భర్త పోయి నెలైంది. ఆమె కళ్లు ఇంకా తడవలేదు. "సరే, పూడ్చెయ్. రేపు కొనేవాళ్లొస్తున్నారు."

డారిల్ లోపలికొచ్చి గోడ చెక్క నొక్కాడు. నానిన బ్రెడ్డులో దిగినట్టు వేలు దిగింది.

"ఇటు పడుకునేదెవరు?"

"మొదట్లో నేనే. తర్వాత ఆయన లాక్కున్నాడు. వాన చప్పుడు వింటూ పడుకుంటాడట! పైగా ఉక్కంటూ తడి తువ్వాళ్లు కప్పుకునేవాడు. పొద్దున్నే అవి ఆరేయలేక తిట్టిపోసేదాన్ని."

డారిల్ చెక్కలోంచి వేలు తీసి, కింద పరుపు వైపు చూశాడు.

నోలీన్ పరుపు మీద చెయ్యి పెట్టింది. ఆయన వైపు చెమ్మగా తగిలింది. చెయ్యి మెల్లగా ఇటు జరిపింది.

తన వైపు ఎప్పటిలాగే పొడిగా ఉంది.