మానని తెర

పెళ్లి సామాన్లలోంచి నా లాప్‌టాప్ తీసి తెరిచేసరికి తెర మీద గాయం. ఈ కాలపు తెరలు ఒంటి చర్మంలాంటివి, గీసుకుపోయినా తెల్లారేసరికి మానిపోతాయి. ఇది మాత్రం మానడం లేదు. రోజూ మందు రాసి పొద్దుటి ఎండలో పెడుతూనే ఉన్నాను. మానని తెరను కంపెనీవాళ్లు మట్టిలో కలిపేసి వేరేది ఇస్తారు. కానీ ఇది నేను కాలేజీలో చేరినప్పుడు అమ్మమ్మ కొనిచ్చింది.

మా ఆయన నీలాద్రి దాన్ని గోడ తెరకు కలిపి చూశాడు. గోడ మీద బొమ్మ చక్కగా వచ్చింది.

"లోపలంతా బాగానే ఉంది చారూ. దెబ్బ తెరకే."

"అది నాకూ తెలుసు డాక్టరుగారూ. మరి మానదేం?"

"ముల్లు లోపలుంటే ఏ గాయం మానుతుంది?" అంటూ టార్చి ఏటవాలుగా వేసి, పట్టకారుతో మెల్లగా లాగాడు.

పసుపు అంటిన బియ్యపు గింజ!

ప్రయాణం చేయలేని అమ్మమ్మ కోసం పెళ్లిపీటల పక్కనే లాప్‌టాప్ తెరిచి పెట్టాం. మా తలంబ్రాలు దాని మీదా పడ్డాయి. ఎవరో దులపకుండానే మూసి సర్దేశారు.

సాయంత్రానికి గాయం పూడి, మధ్యలో సన్నని మచ్చ మిగిలింది. వీటికి వేరే కెమెరా ఉండదు; చూపించేదే కాదు, చూసేదీ ఆ తెరే. వెంటనే అందులోనే అమ్మమ్మకు వీడియో కాల్ చేసి సంగతంతా చెప్పాను. నీలాద్రి ఆ గింజను నా నెత్తిన వేశాడు.

"మచ్చ అడ్డొచ్చింది నాయనా, సరిగ్గా కనబళ్ళేదు. మళ్ళీ వెయ్యి!" అంది అమ్మమ్మ.

అతను నా జుట్టులో గింజ కోసం వెతుకుతున్నంతసేపూ నేను ఆ మచ్చకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను.