పంచలో ఇంజను

“అమ్మీ, పళ్ళెంలో వాల్వు లాకులు రెండు తగ్గాయి. ఊడుస్తుంటే గానీ కొట్టుకుపోయాయా?”

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న హమీదా తలెత్తలేదు. “నాకేం తెలుసురా. ఆ కిరసనాయిలు కంపుకి అటు రావడమే మానేశాను,” అంది.

చింతగింజ చెక్కంత ఉంటాయి ఆ లాకులు. అవి లేకపోతే వాల్వు నిలవదని, వాల్వు నిలవకపోతే ఇంజను లేవదని కొడుకు పనిని చూసిచూసి ఆమెకు తెలిసిపోయింది. రెండూ ఇప్పుడు సేమ్యా డబ్బా అడుగున ఉన్నాయి.

ముబారక్ చాప దులిపి, మంచం కింద వెతికి, కొత్తవి తేవడానికి గుంటూరు బస్సెక్కాడు. హమీదా గుండె మీద నుంచి ఒక బరువు దిగి ఇంకో బరువెక్కింది. ఇంజను ఇప్పట్లో పూర్తికాదని దిగింది. గుంటూరు బస్సులు ఎంత జోరుగా పోతాయో తలుచుకోగానే ఎక్కింది. వాడు తిరిగొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆమె నోట్లో మెతుకు పోలేదు.

ఆ మారుతి కారు ఆమె భర్త మీరా మొహిద్దీన్‌ది. తెనాలిలో పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పేవాడు. కామెర్లొచ్చి ఆయన పోయాక బండి టార్పాలిన్ కింద పడి ఉండి ఉండి ఇంజను పట్టేసింది. హైదరాబాదులో డ్రైవింగు స్కూలు పెట్టిన ఆమె తమ్ముడు అబూబకర్ ఫోను చేసి, బండి బాగుచేసుకుని వచ్చెయ్, నేర్పే పనిలో పెట్టుకుంటానని మేనల్లుడితో అన్నాడు. బండి అవగానే వస్తాను మామూ అని వాడూ మాటిచ్చాడు. మాటిచ్చినవాడు ఇంజను దింపి, పంచలో చాప పరిచి, ముక్కముక్కా విప్పి పెట్టాడు.

ఆనాటి నుంచి హమీదాకు కంటిమీద కునుకు లేదు. బండి నడపడం రానివాళ్ళ పక్కన పొద్దస్తమానం కూర్చోవడమే పనంటే అది ఉద్యోగమా, ఉరితాడా? ఆ ఊళ్ళో వాడికి జ్వరమొస్తే గంజి కాచేదెవరు? వాడు వెళ్ళాక ఈ ఇంట్లో మిగిలేది తనూ, గోడలూ. ఇద్దరికని వండే అలవాటున్న చేతికి, ఒకళ్ళకి గ్లాసెడు బియ్యం పొయ్యడం ఎలా వస్తుంది? అలాగని వెళ్ళొద్దంటే, ఎదిగొచ్చిన కొడుకు నోటి దగ్గర కూడు తీసిన తల్లవుతుంది. నోటితో ఆపలేక చేత్తో ఆపింది. ఒకసారి బోల్టు, ఒకసారి వాషరు, ఇప్పుడు లాకులు.

లాకులు దాచకముందోసారి చెల్లెలు షబీనాకు ఆపరేషనైతే రేపల్లె వెళ్ళి వారం ఉండాల్సి వచ్చింది. ఆ వారమంతా తను లేని ఇంట్లో ఇంజను పూర్తయిపోతుందని, వెళ్ళేసరికి బండీ ఉండదు, వాడూ ఉండడని ఒకటే వణుకు. తీరా వచ్చి చూస్తే ఇంజను చాపమీద ముక్కలుగానే ఉంది. ఆయిల్ కారుతోంది, మళ్ళీ విప్పానన్నాడు ముబారక్. హమీదా లోపలికి పోయి అల్లాకు శుక్రియా చెప్పుకుంది.

పక్కింటి ప్రమీలారాణి మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఓరోజు మధ్యాహ్నం గోడమీదుగా తొంగిచూసి, “ఏం వదినా, మీవాడు ఇంజను చేస్తున్నాడా, గుడ్లు పొదుగుతున్నాడా?” అంది.

హమీదా నవ్వేసి పంచలోకి చూసింది. ముబారక్ ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాడు. గుంటూరు నుంచి తెచ్చిన లాకులు అరచేతిలో ఉన్నాయి. బిగించడం లేదు, ఊరికే చూస్తున్నాడు. ఆ మొహంలో ఎంత దిగులుందో! కుర్రాడు రెక్కలల్లారుస్తుంటే ఈకలు పీకుతోంది తనేగా. ఇంతకన్నా పాపం ఉంటుందా?

వెళ్ళి వాడి పక్కన కూలబడింది.

“ఇంక చాలు నాయనా. బిగించేసుకుని వెళ్ళు. మామూ ఎన్నాళ్ళని చూస్తాడు?”

వాడు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. “వెళ్ళమంటావా అమ్మీ?”

“వెళ్ళమనే అంటున్నా.”

“నువ్వొక్కదానివే...”

“నాకేం రోగం? ప్రమీలారాణి ఉంది, టీవీ ఉంది. నా గురించి ఇల్లు పట్టుకుని కూర్చుంటావా ఏంటి? వెళ్ళు.”

వాడు స్పానరు అందుకున్నాడు. అన్నాళ్ళు తెమలని పని మర్నాటికే తెమిలిపోయింది. వీధి చివర వెల్డింగు షాపు యలమంద చైను కప్పీ తెచ్చి పంచ దూలానికి కట్టాడు. ఇంజను గాల్లోకి లేస్తుంటే గొలుసు తెగి కొడుకు కాళ్ళమీద పడుతుందేమోనని హమీదా కళ్ళు మూసుకుని దువా చదువుతూనే ఉంది. ఏదీ తెగలేదు. ఇంజను బుద్ధిగా వెళ్ళి తన చోట కూర్చుంది. తాళం తిప్పగానే అందుకుంది. ముబారక్ మొహంలో మాత్రం నవ్వు కనపడలేదు. తన కంటికే నీళ్ళు అడ్డమేమో అనుకుందామె.

శుక్రవారం నమాజు చేసుకొచ్చి బయల్దేరాడు. గుంటూరు దాటేదాకా జాగ్రత్త, లారీల వెనక పోవద్దు, చీకటి పడితే ఆగిపో అని కారుతో పాటు నడుస్తూ చెప్పింది. మలుపు తిరిగాక నడక ఆపింది. ఆపూట ఎసట్లో ఇద్దరి బియ్యం పోసి, సగం అన్నం మర్నాడు ప్రమీలారాణి గేదెకు పెట్టింది.

తర్వాత యలమంద కప్పీ కోసం వచ్చాడు. మనిషి అలికిడి దొరికిందని హమీదా టీ పెట్టి ఇచ్చింది. మావాడు మరీ నిదానం తమ్ముడూ, ఒక్క ఇంజను ఎక్కించడానికి ఇన్ని నెలలా అని, వాడి మాట ఎత్తడం కోసమే అంది.

యలమంద గొలుసు చుట్టుకుంటూ నవ్వాడు. “నిదానమేంటక్కా, ఇది రెండోసారి ఎక్కించడం. మీరు రేపల్లెలో ఉండగానే ఎక్కించాం. జంపని దాకా పోయొచ్చాం కూడాను. చుక్క ఆయిల్ కారలేదు.”

ఆమెకు అర్థం కాలేదు. “మరి మళ్ళీ ఎందుకు దింపారు?”

“నేనూ అదే అడిగానక్కా,” అన్నాడు యలమంద గ్లాసు కింద పెడుతూ.

“అమ్మ పొమ్మనేదాకా ఇక్కడే ఉంటానన్నాడు.”