'భార్గవి' దొరకలేదు

"ఆ పెట్టెను వదిలి అన్నం పెట్టమంటాండా గదా!" ఖాళీ కంచం ముందు కూర్చున్న వినోద్ మళ్లీ కసిరాడు.

"కుప్పానికి దాణా లోడు పోవల్ల. బిల్లు లేకుండా ఎట్లా పంపేది?" భార్గవి కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పలేదు.

"సోమవారం ఇంజనీరొచ్చి సూసుకుంటాడు. నీకు యాల ఇంత తపన?"

"ఇన్నాళ్లూ సూసింది నేనే గదా!"

నిన్న ఆమె కలకడలోని పుట్టింటికి పోయి వచ్చేలోగా, ఇంటి ముందరి దుకాణంలో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. అప్పటి నుంచి ఇంట్లో ఆమె కంప్యూటర్‌ది ఒకటే పాట: 'భార్గవి' అనే సర్వర్ దొరకలేదు.

"నువ్వు ఈడే ఉండావు, అది లేవంటాది!" అత్త యశోదమ్మ నవ్వింది.

భార్గవి వైరు ఊడదీసి బిగించింది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టింది. కిటికీలోంచి దుకాణం వైపు కేకేసింది. "చేతన్, ఆడ సర్వర్ నడస్తాండాదా?"

"బ్రహ్మాండంగా నడస్తాండాది వదినా!" అన్నాడు మరిది.

అయితే లోపమెక్కడ? నెట్‌వర్క్‌లో ఉన్న మిషన్ల పేర్లన్నీ తెర మీదికి రప్పించింది. సర్వర్ ఉండాల్సిన చోట వేరే పేరుంది.

మామ చెంగల్రాయుడు దేన్ని ఎవరి చేతికిస్తే దానికి వాళ్ల పేరు పెడతాడు. స్కూటర్ మీద వినోద్. టెంపో నుదుట చేతన్. మదనపల్లెలో ఈ దుకాణం పెత్తనం పెద్దకోడలికి అప్పజెప్పిన రోజు సర్వర్‌కు ఆమె పేరు పెట్టించాడు. ఆ నమ్మకంతోనే, మొన్న పుంగనూరు డెయిరీ వాళ్లు ఉద్యోగానికి పిలిస్తే ఆమె వెంటనే ఒప్పుకోక, ఆలోచించి చెబుతానంది.

కొత్త సర్వర్ పేరు 'యమున'. చేతన్ భార్య పేరది. ఆ పిల్లకు మౌస్ పట్టుకోవడం నేర్పింది భార్గవే.

"నీకు తెలుసా?" మొగుణ్ని అడిగింది.

వినోద్ కంచంలో వేలితో గీతలు గీశాడు. "నాయిన మాట... నువ్వు బాధపడతావనే..."

భార్గవి సెట్టింగుల్లో తన పేరు కొట్టేసి, ఒక్కొక్క అక్షరమే యమున అని కొట్టింది. వెంటనే కలిసింది. కుప్పం బిల్లు గరగరమంటూ బయటికొచ్చింది.

అందరూ అన్నాలకు కూర్చున్నారు. యమున తలెత్తలేదు.

"బాగయిందామ్మా?" మామ అడిగాడు, ముఖం చూడకుండా.

"అయింది మామా. పేరు మారిస్తే సరిపోయింది." ఆయన కంచంలో గరిటెతో సంగటి ముద్ద పెట్టి, భార్గవి నెమ్మదిగా అంది. "ఇంగ ఈ గరిటెకూ యమున పేరే కొట్టించండి. రేపట్నించి నేను పుంగనూరు డెయిరీలో ఉద్యోగానికి పోతాండా."