రంగు నీళ్ల సీరియల్

“ఆ పిల్లను సంపకున్రి సారూ!”

విరూపాక్ష తలెత్తి చూశాడు. జహీరాబాద్ బజారులో అతనిది చిన్న కిరాణా కొట్టు. గడప ముందు ఒకావిడ నిలబడి ఉంది. ఆమె భుజం మీద ఏడెనిమిదేళ్ల పిల్ల. పిల్ల కాళ్లు కిందికి వేలాడుతున్నాయి.

“ఏ పిల్లనమ్మా?”

“మీ సీరియల్ల పిల్లను. వచ్చే వారం సచ్చిపోతదేమోనని భయమైతుంది.”

పక్క బట్టల దుకాణం చెన్నబసప్ప పకపకా నవ్వాడు. విరూపాక్ష సీరియల్ అంటే బజారులో అందరికీ వేళాకోళమే. 1984లో కూర్చుని ఒక వారపత్రికకు 2030లో జరిగే కథ రాస్తున్నాడు. అందులో ఒక ఊరికి ఎగువన రంగుల ఫ్యాక్టరీ వస్తుంది. వాగు పచ్చగా మారుతుంది. బర్రెలు చచ్చిన దూడల్ని ఈనుతాయి. ఫిర్యాదు చేయబోమని వేలిముద్ర వేసినవాళ్లకే ఫ్యాక్టరీ మంచినీళ్ల ట్యాంకర్ పంపుతుంది.

“నీళ్ల కోసం ఎవడన్న వేలిముద్ర ఏస్తడా? దిమాక్ ఖరాబైంది నీకు” అనేవాడు చెన్నబసప్ప. అంటూనే, బుధవారం వారపత్రిక రాగానే అందరికంటే ముందు తనే చదివేవాడు.

వచ్చినామె పేరు భాగీరథి. ఝరాసంగం దగ్గరి పల్లె. ఐదో తరగతి దాకా చదివింది. మొగుడు చెరుకు నరికే పనికి సోలాపూర్ వైపు వెళ్లాడు.

“మీరు రాసిందే మా ఊర్లె అయితుంది సారూ. ఆషాఢంల వాగు పచ్చగయింది. మా బర్రె సచ్చిన దూడనీనింది. ఫ్యాక్టరీ ఆయిన జీపుల వచ్చి, అందరి ముంగట గిలాసతోని నీళ్లు తాగి, ఏంగాదు తాగున్రి అన్నడు. అది గూడ మీరు ముందుగాలనే రాసిన్రు. ఆయిన తాగింది జీపుల తెచ్చుకున్న నీళ్లని గూడ రాసిన్రు.”

“అది కథమ్మా.”

“మీ కథల పిల్లకు పోయిన వారం జరమొచ్చింది. నా బిడ్డకు మొన్న వచ్చింది. ఆ పిల్ల మంచం పట్టింది. నా నీలమ్మ గూడ పట్టింది. ఇగ మీరేం రాస్తరో అదే అయితది. మీ కాళ్లు మొక్కుత, జర మంచిగ రాయున్రి.”

ఆమె నిజంగానే వంగింది. విరూపాక్ష చటుక్కున వెనక్కి జరిగాడు. అతని చూపు పిల్ల పాదాల మీద ఆగిపోయింది.

“కాళ్లు ఎప్పటిసంది వాచినయి?”

“నిన్నటిసంది.”

“ఉచ్చ పోస్తుందా?”

భాగీరథి బిత్తరపోయింది. సీరియల్లో ఆ మాట ఎక్కడా రాలేదు.

“నిన్న పొద్దుగాల పోసింది. మల్ల లేదు. మా ఊరి డాక్టరు సూది ఇచ్చిండు. ఫికర్ చెయ్యకు, నాలుగు రోజులల్ల తగ్గుతదన్నడు. తాయెత్తు గూడ కట్టిచ్చిన.”

“నాలుగు రోజులా?” విరూపాక్ష గడప దిగి వచ్చాడు. “ఒక్క పూట గూడ ఆగొద్దు. పట్నం పోదాం. నడు!”

కొట్టు చూస్తుండమని చెన్నబసప్పకు చెప్పను కూడా చెప్పలేదు. పిల్లను తన భుజానికెత్తుకుని బస్టాండు వైపు పరుగెత్తాడు. భాగీరథి చెప్పులు విడిచేసి వెనకాల ఉరికింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో జాలిపడి సీటు ఇచ్చారు. సంగారెడ్డి దాటేసరికి నీలమ్మ పిలిస్తే పలకడం మానేసింది.

“రాయున్రి సారూ. బతికిందని రాయున్రి” భాగీరథి దారంతా అదే మాట.

పట్నం పెద్ద దవాఖానలో పిల్లను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకున్నారు. వరండాలో నేల మీద కూలబడ్డ భాగీరథి ఉన్నట్టుండి లేచింది. విరూపాక్ష జేబులోంచి కలం లాగి అతని చేతిలో పెట్టింది.

“లోపల ఏమైతదో ఏమో. ముందుగాల మీరు రాయున్రి.”

“నేను రాసినందుకు ఏదీ కాదమ్మా. రాయకుంటే ఏదీ ఆగదు.”

“అట్లైతే రాసెటందుకు మీదేం పోయింది?”

సీరియల్ ఆఖరి భాగం కోసం పత్రికవాళ్లు తొందర పెడుతున్నారు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా చేయి కదిలేది కాదు. ఇప్పుడు మందులు చుట్టి ఇచ్చిన కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకున్నాడు. ఒక వాక్యం రాశాడు, కొట్టేశాడు. మళ్లీ రాశాడు. రాస్తూ రాస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు.

తన బిడ్డ కోసమే ఏడుస్తున్నాడనుకుంది భాగీరథి. అతని భుజం మీద చేయి వేసి తనే ఓదార్చింది.

నాలుగో రోజు నీలమ్మ కళ్లు తెరిచి నీళ్లడిగింది. భాగీరథి నల్లా కింద గిలాస పట్టింది. దాన్ని వెలుతురులోకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆ తర్వాతే బిడ్డ నోటికి అందించింది.

పది పదిహేను రోజులకు తల్లీకూతుళ్లు ఇంటికి చేరారు. ఆ వాగున్న ఊరికి కాదు, ఎత్తు మీదున్న పుట్టింటికి. సీరియల్ ఆఖరి భాగం వచ్చిన పత్రికను భాగీరథి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

చెన్నబసప్ప మాత్రం పత్రిక పట్టుకుని కొట్టులోకి వచ్చి కొట్లాటకు దిగాడు.

“గిదేందయ్యా విరూపాక్షా! ఇన్ని దినాలు సదువుతుంటే అంత నిజమే అనిపిచ్చె. తీరా ఆఖరికి పిల్లను సినిమాల లెక్క బతికిచ్చినవు. గదొక్కటి నమ్మబుద్ధి గాలె.”

“నిజమే అన్నా” అన్నాడు విరూపాక్ష, కాగితంలో చక్కెర పొట్లం కడుతూ.

నెలల తరబడి నడిచిన ఆ సీరియల్లో అతను కల్పించి రాసింది రెండే: 2030 అన్న సంవత్సరం, తన కూతురు బతికిందన్న ముగింపు.