వంతెన తగలబెట్టిన రాణి

"రాణి చేసిందే న్యాయం," అంది కన్యక, మొగుడి కంచంలో పప్పు వడ్డిస్తూ.

"చక్కగా కట్టిన వంతెన తగలబెట్టడం న్యాయమా?" అన్నాడు సత్తిబాబు.

రాజరాజేశ్వరి చేతిలో నెయ్యిగిన్నె అలాగే ఆగిపోయింది. పెళ్ళయి మూడు నెలలు కాలేదు. కొడుకూ కోడలూ అప్పుడే కాట్లకుక్కల్లా పోట్లాడుకుంటున్నారు. అదీ దేనికి? కొత్త జంట ముచ్చట తీరుతుందని పంపిన ఓ జానపద సినిమా గురించి.

రాజమండ్రి మెయిన్‌బజారులో ఆవిడ భర్త జోగేశ్వరరావుగారి బట్టల కొట్టంటే తెలియనివాళ్ళు లేరు. ఆ ఇంట్లో పధ్నాలుగు మంది. ఇంటికంతటికీ ఒకటే ఫ్యాను, అదీ కోడలి పుట్టింటివాళ్ళు కొత్త దంపతుల గదికి పెట్టించింది. రోహిణి కార్తె ఎండలకి పిల్లలంతా అక్కడే పొర్లుతున్నారు. ఉబ్బసం మనిషని, జోగేశ్వరరావుగారి తల్లి అమ్మణ్ణిగారి మంచం కూడా అక్కడే వేశారు. ఇంత సందట్లో ఆ ఇద్దరికీ తగువులాడుకునే తీరిక ఎక్కడ దొరికిందో రాజరాజేశ్వరికి అంతుపట్టలేదు.

సినిమా కథ ఇంటిల్లిపాదికీ ఆ తగువుల్లోంచే తెలిసింది. ఏటికి ఇవతల కోటరాజు. ఆయనకి రథాలున్నాయి, వైద్యులున్నారు, గాల్లో ఎగిరే గుర్రం కూడా ఉంది. అవతల అడవి మనుషులు. వాళ్ళకో రాణి, మాట్లాడే పులి. రాజు ఏటి మీద వంతెన కట్టించాడు. రాణి దాన్ని తగలబెట్టింది.

"ముందు వంతెన వస్తుందండి. తర్వాత బళ్ళొస్తాయి. ఆ తర్వాత మీ దేవుడు దేవుడే కాదంటారు, మీ మాట మాటే కాదంటారు," అనేది కన్యక.

చదువూ మందులూ మోసుకొచ్చినవాణ్ణి తరిమేస్తే వాళ్ళు బాగుపడేదెప్పుడని సత్తిబాబు.

జోగేశ్వరరావుగారు రాజు పక్షం చేరారు. గోదావరి మీద కొత్త వంతెన పడ్డాకే కదా మన సరుకు లాంచీ కోసం కాచుక్కూచోకుండా కొవ్వూరు దాటుతోంది, ఆ రాణికి వ్యాపారం తెలీదు అని తేల్చేశారు. ఎవరిది న్యాయమైనా సరే, వడ్రంగుల కష్టం బుగ్గి చెయ్యడం పాపమన్నారు అమ్మణ్ణిగారు.

రాజరాజేశ్వరి కూడా మొదట కొడుకు వైపే. కానీ ఆవిడది అవతలి గట్టు, నిడదవోలు. కాపురానికొచ్చిన కొత్తలో పుట్టింటి పద్ధతిలో పులుసు పెడితే ఈ ఇంట్లో అందరూ నవ్వారు. అంతే, మళ్ళీ పెట్టలేదు. ఇరవయ్యారేళ్ళలో మీ ఊళ్ళో ఎలా చేస్తారని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఓ పూట పులుసు కలుపుతుంటే అదంతా గుర్తొచ్చి ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది.

"తగలబెట్టి మంచి పని చేసింది," అంది పైకే.

భోంచేస్తున్న జోగేశ్వరరావుగారు తలెత్తి పెళ్ళాం వంక వింతగా చూశారు. ఆ రోజునుంచీ ఇంట్లో రెండు జట్లయ్యాయి.

అడవి జోలికి రానని రాజు మాట ఇచ్చాక వంతెన కాలిందా, ఇవ్వకముందే కాలిందా అన్న దగ్గర పీటముడి పడింది. సినిమా పేరెత్తితేనే గిట్టని జోగేశ్వరరావుగారే విసిగిపోయి, మళ్ళీ చూసొచ్చి తేల్చుకు చావండన్నారు. మొదటి ఆటకి వెళ్ళారు. తేల్చుకుని వచ్చారా? నిప్పు పెట్టింది రాణా, పులా అని ఇంకో తగువు తెచ్చారు. మళ్ళీ పంపారు. అలా మూడు వారాల్లో ఆరుసార్లు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పోట్లాట కోడలి ఒంటికి పడ్డట్టుంది. మొహం నిగనిగలాడిపోతోంది. ఒకసారి ఆ పిల్ల చీర కుచ్చిళ్ళలోంచి దోసెడు ఇసుక రాలితే, కొత్త పెళ్ళాన్ని ఇసుకలో కూచునే నేల టిక్కెట్టుకి తీసుకెళతావురా అని రాజరాజేశ్వరి కొడుకుని నాలుగు చీవాట్లు పెట్టింది. వాడు బుర్ర గోక్కున్నాడు.

అయినా భయం భయమే. రాణి మనసు తెలుసుకోలేని మనిషితో కాపురం ఎలాగండీ అత్తయ్యగారూ అని కన్యక ఓనాడు అనేసింది. పిల్ల పుట్టింటికి పెట్టె సర్దేస్తే? సంగతి బజారున పడితే? కొట్టుకొచ్చే బేరాల దగ్గర కూడా ఆ సినిమా ఊసెత్తొద్దని అందరికీ కట్టడి చేసింది. ఇక లాభం లేదు, తనే కళ్ళారా చూసి ఎవరిది తప్పో తేల్చేస్తానంది.

ఆదివారం కొట్టు మూశారు. నాలుగు రిక్షాలు పిలిచారు. తీరా ఎక్కే వేళకి కన్యకకి తలనొప్పి. తోడుగా సత్తిబాబు ఉండిపోయాడు.

"ఒరేయ్, మేం వచ్చేదాకా వంతెన మాట ఎత్తకు. నీకు పుణ్యముంటుంది," అని రాజరాజేశ్వరి కొడుకు గడ్డం పట్టుకుని మరీ బతిమాలింది. ఎత్తనని వాడు ఒట్టేశాడు. మిగతా పన్నెండు మందీ మ్యాట్నీకి బయల్దేరారు.

హాల్లో ఆవిడ రెప్ప వెయ్యలేదు. గుర్రం ఎగిరింది. పులి మాట్లాడింది. రాణి కత్తి దూస్తే అందరికన్నా ముందు ఆవిడే చప్పట్లు కొట్టింది. ఇంటర్వెల్లో పిల్లలు సోడాలు తాగారు. తర్వాత యుద్ధం మొదలైంది.

"వంతెన ఏదే?" అని జోగేశ్వరరావుగారు మూడోసారి అడిగారు.

"వస్తుందండి, కాస్త ఓపిక పట్టండి," అంది.

రాజుకీ రాణికీ పెళ్ళయింది. పులి కూడా అక్షింతలు వేసింది. తెర మీద శుభం పడి, హాల్లో లైట్లు వెలిగాయి.

మూడు గంటల సినిమాలో వంతెన కాదు కదా, మచ్చుకి ఒక్క ఏరైనా లేదు.