నోటికి గుడ్డ

“ఎవడైనా నోరు తెరిచి నినాదం ఇచ్చాడో, వ్యానెక్కిస్తా!” జీపు దిగుతూనే గద్దించాడు ఎస్సై.

కోరుట్ల రోడ్డు మీది తెలంగాణ దీక్షా శిబిరంలో డప్పు పట్టుకుని కూర్చున్న ఐలయ్య చూపు జలపతి మీదికి పోయింది. ఇంకో రోజైతే ఆ మాటకు జవాబుగా జలపతి గొంతు ఊరవతలికి వినబడేది. ఇవాళ అతను అందరికీ దూరంగా, ఎండలో ఒక్కడే కూర్చున్నాడు. నోటికి నల్లగుడ్డ. పక్కన వేరే చెంబు.

గొంతు కాన్సర్‌కు రేడియేషన్ కరెంటు పెట్టించుకుని బతికి బయటపడ్డ మనిషి. మళ్లీ గొంతు బొంగురుపోతే భార్య సారక్క జగిత్యాల డాక్టరుకు చూపించి, ఇప్పుడే వెంటబెట్టుకొచ్చింది.

“ఏమన్నడు వదినె డాక్టరు? మల్ల గదేనా?” మెల్లగా అడిగాడు ఐలయ్య.

“నోరు మెదపద్దన్నడు...” సారక్క ఇంకేదో చెప్పబోయింది. అంతలో లాఠీ ఆడించుకుంటూ ఎస్సై రానే వచ్చాడు.

ఐలయ్యకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. నోరు మెదపొద్దంటే ఇంకేముంది? గొంతు కోసి తీసేస్తారు. ఏడుపూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి. జలపతి నోరు మూతపడ్డాక మాకెందుకు నోళ్లు? భుజం మీది నల్ల రుమాలు తీసి మూతికి బిగించుకున్నాడు. అతన్ని చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. చూస్తుండగానే శిబిరమంతా నోళ్లకు గుడ్డలే. నినాదం లేదు. డప్పు మాత్రం మోగుతోంది.

ఎస్సైకి ఒళ్లు మండిపోయింది. ఎవర్ని ఎక్కించాలి? ఏ నేరం మీద? సరాసరి జలపతి మీదికి పోయాడు.

“దీనికంతటికీ నువ్వే మూలం! ఏదీ, ఇప్పుడివ్వు నినాదం. గొంతు పోయిందటగా?”

జలపతి లేచి నిలబడి పిడికిలి పైకెత్తాడు.

“సారూ, జర దూరముండ్రి!” సారక్క అడ్డం పోయింది.

“నాకే చెప్తావా?” ఎస్సై ముఖం మీద ముఖం పెట్టి ఆ గుడ్డ ఫర్రున లాగేశాడు. అప్పుడే జలపతికి దగ్గు తెర ముంచుకొచ్చింది. తల తిప్పుకునేలోపే ఎస్సై ముఖం తడిసింది.

సారక్క గబుక్కున కొంగుతో భర్త నోరు మూసి, ఎస్సై వైపు జాలిగా చూసింది.

“ఆయన గొంతు యాడికి పోలే సారూ! కాన్సర్ మల్ల రాలే. గొంతుల టీబీ అట, గోలీలు మింగితె పోతదట. ఆయన మల్ల నినాదాలు ఒర్రుతడు గని, మీరే జల్ది పోయి పరీచ్చ జేయించుకోండ్రి!”